ఫోన్‌తో స్పీకర్లనూ గదినీ కొలవడం ఎలా

సోఫాలో కూర్చుని వింటే బేస్ ఉండదు. లేచి గుమ్మం దాకా వెళ్తే అదే పాటకి తలుపు అదురుతుంది. స్పీకరు మారలేదు, వాల్యూము మారలేదు, మీరు నాలుగడుగులు వేశారంతే. ఈ తిరకాసు ఏమిటో కళ్ళతో చూడాలంటే ఒకప్పుడు కొలత మైకు, ప్రీయాంపు, కంప్యూటరు, వాటి మధ్య వైర్ల చిక్కుముడి కావలసి వచ్చేది. ఇప్పుడు జేబులో ఉన్న ఫోనుతో చాలావరకు పని జరిగిపోతుంది. కాకపోతే అది ఏ విషయంలో నిజం చెబుతుందో, ఏ విషయంలో కోతలు కోస్తుందో ముందు తెలిసి ఉండాలి.

బరువు చూసుకునే పాత మిషను ఒకటి ఉందనుకోండి. ఎప్పుడు ఎక్కినా రెండు కిలోలు ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకె పట్టుకుని "నా బరువు ఇంత" అంటే తప్పు. కానీ పోయిన నెల అంకెకీ ఇవాళ్టి అంకెకీ మధ్య మూడు కిలోల తేడా వస్తే, ఆ మూడు కిలోలు నిజమే. ఫోను మైకూ అలాంటి మిషనే. దాని తప్పు రెండు కొలతల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఒకదాన్లోంచి ఇంకోటి తీసేస్తే తప్పు కొట్టుకుపోతుంది. కింద చెప్పే పనులన్నీ దీని మీదే నడుస్తాయి: ఒకసారి కొలవండి, ఒక్క వస్తువు మార్చండి, మళ్ళీ కొలవండి.

ముందు మైకు సంగతి తేల్చుకోండి

ఫోను మైకు మాటల కోసం పుట్టింది. గాలి హోరు పడకుండా బాగా కింది ఫ్రీక్వెన్సీలను (లోతైన బేస్ స్వరాలను) కోసేస్తుంది. అవతలివాళ్ళకి గొంతు స్పష్టంగా వినబడాలని వెనక రొదను అణిచేస్తుంది. మెల్లగా మాట్లాడితే పెంచుతుంది, అరిస్తే తగ్గిస్తుంది. ఫోన్ కాల్‌కి ఇవన్నీ వరాలే. కొలతకి మాత్రం ఆ రొద అణచడమూ, ఆ పెంచి తగ్గించడమూ ప్రాణాంతకం. అవి పనిచేస్తుంటే తేడాని కూడా నమ్మలేం, ఎందుకంటే మనం ఎక్కిన ప్రతిసారీ మిషను తన ముల్లును తనే సర్దుకుంటోందన్నమాట.

శబ్దాన్ని గ్రాఫుగా చూపే యాప్ (పేర్లు కింద చెబుతాను) తెరిచి, ఫోను అంచులన్నీ గోటితో మెల్లగా గీకుతూ రండి. గ్రాఫు ఎక్కడ ఎగిరిపడితే అక్కడుంది మైకు. చాలా ఫోన్లలో కింది అంచున ఛార్జింగ్ పిన్ను పక్కనే ఉంటుంది. పై అంచున, వెనక కెమెరా దగ్గర వేరే మైకులు ఉండొచ్చు. యాప్ వాటిలో దేన్ని వింటోందో ఈ గోటి పరీక్షే చెబుతుంది. తరవాత ఫోను కవరు తీసెయ్యండి. రంధ్రం చుట్టూ రబ్బరు గట్టు ఉంటే ట్రెబుల్ మారిపోతుంది.

ఆండ్రాయిడ్ 7.0 నుంచి, అంటే 2016 నుంచి, మైకు శబ్దాన్ని ఏ సర్దుబాటూ లేకుండా పచ్చిగా తీసుకునే దారి ఒకటి యాప్‌లకి దొరికింది. సెట్టింగ్స్‌లో "ఆడియో సోర్స్" అని ఉంటే అందులో "అన్‌ప్రాసెస్డ్" ఎంచుకోండి. అది లేకపోతే "వాయిస్ రికగ్నిషన్" పెట్టండి. పేరు వింతగా ఉన్నా ఆ దారిలో ఫోను తెలివితేటలు తక్కువ. ఐఫోన్‌లో కొలత కోసమే ఒక మోడ్ ఉంది, మంచి యాప్‌లు దాన్ని వాటంతటవే వాడుకుంటాయి.

సెట్టింగ్ మార్చినంత మాత్రాన నమ్మేయకండి. స్పీకర్లో పింక్ నాయిస్ (వాన హోరులాంటి పరీక్ష శబ్దం, దాని సంగతి కింద ఉంది) పెట్టి ఒక కొలత తీసుకోండి. యాంప్లిఫయర్ మీద డీబీ (డెసిబెల్, శబ్దం స్థాయికి కొలమానం) అంకెలు కనిపిస్తే సరిగ్గా 6 డీబీ తగ్గించండి, లేదంటే పరీక్ష శబ్దాలు పుట్టించే టోన్ జనరేటర్ యాప్‌లో లెవెల్ 6 డీబీ దించండి. మళ్ళీ కొలవండి. గ్రాఫు ఆకారం చెడకుండా మొత్తానికి మొత్తం 6 డీబీ కిందికి దిగాలి. మూడో నాలుగో దిగి ఆగిపోయినా, దిగాక మళ్ళీ పైకి పాకినా ఆటోమేటిక్ గెయిన్, అంటే ఆ పెంచి తగ్గించే ఏర్పాటు, ఇంకా పనిచేస్తోందని అర్థం. ఇంకో మాయ కూడా ఉంది: నాయిస్ మొదలైన రెండు మూడు సెకన్లకి గ్రాఫు దానంతటదే కుంగిపోతుంది. ఆగకుండా వచ్చే శబ్దాన్ని ఫోను "రొద" అనుకుని తుడిచేస్తోంది పాపం, తన డ్యూటీ తను చేస్తోంది. రెండిట్లో ఏది కనిపించినా వేరే యాప్ చూసుకోండి. ఈ పరీక్షకి పట్టేది ఐదు నిమిషాలు. ఇది మానేసి నెలల తరబడి తప్పు గ్రాఫులు దాచుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

యాప్, సిగ్నల్

యాప్‌ల విషయంలో పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో స్పెక్ట్రాయిడ్ అనే ఉచిత యాప్ స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చెప్పే గ్రాఫు) చక్కగా చూపిస్తుంది. జర్మనీలోని ఆహెన్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఫిఫాక్స్ ఉచితం, రెండు రకాల ఫోన్లకీ ఉంది. అందులో స్పెక్ట్రమ్, టోన్ జనరేటర్, ధ్వని స్థాయి అన్నీ ఉన్నాయి. ఐఫోన్‌లో హౌస్‌కర్వ్ స్వీప్ వేసి గది కొలతే నేరుగా ఇస్తుంది. స్థాయి మాత్రమే కావాలంటే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ ఇచ్చే సౌండ్ లెవెల్ మీటర్ ఐఫోన్‌కి ఉంది.

సిగ్నల్స్ రెండు రకాలు వాడతాం. పింక్ నాయిస్ అంటే వానపడుతున్నట్టు ఆగకుండా వచ్చే హోరు, ప్రతి ఆక్టేవ్‌లోనూ సమానమైన శక్తి ఉంటుంది (ఆక్టేవ్ అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపయ్యేంత దూరం). స్వీప్ అంటే 20 హెర్ట్జ్ (సెకనుకి 20 ఊపులు) దగ్గర మొదలై 20 కిలోహెర్ట్జ్ దాకా పాకుతూ వెళ్ళే ఒకే ఒక్క స్వరం. కదులుతూ సగటు తీయడానికి పింక్ నాయిస్ మంచిది, బేస్‌లో సూక్ష్మంగా చూడటానికి స్వీప్ మంచిది.

పింక్ నాయిస్ దగ్గర చాలామంది బెదిరిపోయే చోటు ఒకటుంది. స్పెక్ట్రాయిడ్ లాంటి స్పెక్ట్రమ్ యాప్‌లో ఆ గ్రాఫు ఎడమ నుంచి కుడికి ఆక్టేవ్‌కి 3 డీబీ చొప్పున జారుతూ కనిపిస్తుంది. స్పీకర్లో ట్రెబుల్ చచ్చిందని కాదు, ఆ రకం లెక్కలో పింక్ నాయిస్ అలాగే కనిపించాలి. ఆర్‌టీఏ అని పిలిచే, ఆక్టేవ్ ముక్కలుగా చూపే గ్రాఫులో అదే నాయిస్ సమతలంగా ఉంటుంది. మీ యాప్ ఏ రకమో ముందు చూసుకోండి.

ఎఫ్ఎఫ్‌టీ సైజు అని ఒక సెట్టింగ్ ఉంటుంది, గ్రాఫు గీయడానికి యాప్ ఒక్కోసారి ఎన్ని శాంపిళ్ళు (శబ్దం ముక్కలు) తీసుకోవాలో చెబుతుంది. బేస్ చూసేటప్పుడు పెద్దది పెట్టండి. 48,000 శాంపిల్ రేటు (సెకనుకి 48,000 ముక్కలు) దగ్గర 8192 పెడితే గ్రాఫు మెట్లు దాదాపు 6 హెర్ట్జ్ వెడల్పు ఉంటాయి. 40కీ 44కీ తేడా తెలియదు. 32768 పెడితే మెట్టు ఒకటిన్నర హెర్ట్జ్‌కి దిగుతుంది.

గదిని సిద్ధం చేయడం

ఫ్యాను, ఏసీ ఆపండి. యాంప్లిఫయర్‌లో బేస్, ట్రెబుల్, లౌడ్‌నెస్, సరౌండ్, "నైట్ మోడ్" అన్నీ తీసెయ్యండి. వీలైతే శబ్దాన్ని వైరుతోనే పంపండి. బ్లూటూత్‌లో వచ్చే ఆలస్యం పింక్ నాయిస్‌కి అడ్డు కాదు గాని, స్వీప్ కొలతలో కాలం లెక్కని పాడు చేయొచ్చు. పైగా మైకు ఉన్న బ్లూటూత్ స్పీకరు తగిలిస్తే ఫోను తన మైకు వదిలేసి దాని మైకుని వినడం మొదలుపెట్టవచ్చు. గోటి పరీక్ష మళ్ళీ చేయండి.

మొదటి కొలత ఏ పాటా, ఏ నాయిసూ లేకుండానే తీసుకోండి. గది నిశ్శబ్దంగా ఉన్నప్పటి గ్రాఫు అది. తరవాత నాయిస్ పెట్టినప్పుడు ప్రతి ఫ్రీక్వెన్సీలోనూ ఈ గీతకన్నా కనీసం 15 డీబీ పైన ఉండాలి. 10 డీబీ పైన ఉన్నా తప్పు అర డీబీ లోపే, కానీ కాస్త వెసులుబాటు ఉంటే మంచిది. బేస్ వైపు ఈ అంతరం ముందుగా కరిగిపోతుంది, ఎందుకంటే రోడ్డు మీద వెళ్ళే బండ్ల రొద అంతా అక్కడే చేరుతుంది.

వాల్యూము ఎంత? వినే చోట దాదాపు 75 డీబీ, అంటే పక్కవాళ్ళతో మాట్లాడాలంటే గొంతు కాస్త పెంచాల్సినంత. మీటర్లో వెయిటింగ్ అనే సెట్టింగ్ ఉంటుంది, ఒక్కో ఫ్రీక్వెన్సీని ఎంత లెక్కలోకి తీసుకోవాలో అది చెబుతుంది. ఏ-వెయిటింగ్ కాకుండా సీ గాని జెడ్ గాని పెట్టండి. ఏ-వెయిటింగ్ 100 హెర్ట్జ్‌ని 19 డీబీ, 50 హెర్ట్జ్‌ని 30 డీబీ కోసేస్తుంది. బేస్ కొలవడానికి దాన్ని పెట్టుకుంటే చేతులారా కళ్ళకి గంతలు కట్టుకున్నట్టే. ఇంకో జాగ్రత్త: స్వీప్‌ని గట్టిగా పెట్టకండి. పాటలో ట్వీటరుకి (పై స్వరాలు పలికే చిన్న స్పీకరుకి) అందేది కొసరు శక్తి, స్వీప్ పై భాగంలో మొత్తం శక్తి దాని నెత్తినే పడుతుంది. మీ చెవులకీ అదే మాట. నియోష్ లెక్కలో ఏ-వెయిటింగ్‌తో 85 డీబీ దగ్గర 8 గంటలు హద్దు, అక్కడి నుంచి ప్రతి 3 డీబీకి ఆ సమయం సగమవుతుంది.

వినే చోట మొదటి కొలత

ఎడమ స్పీకరు ఒక్కటే మోగించండి. రెండూ కలిపి పెడితే రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకునే గుంటలు వస్తాయి, అవి ఎవరివో తేలదు.

ఫోనుని చేతిలో, ఒళ్ళో, సోఫా మీద పెట్టకండి. ట్రైపాడ్ మీద గాని, సన్నటి స్టాండు మీద గాని, మీరు కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో నిలపండి. కుర్చీకి ఎత్తైన వీపు ఉంటే మైకుని దానికి దూరంగా జరపండి. మైకు అంచు స్పీకరు వైపు తిప్పండి. మీరు పక్కకి తప్పుకోండి, మనిషి ఒళ్ళు కూడా శబ్దాన్ని తినేస్తుంది. కొలత తీసుకోండి, సేవ్ చేయండి. ఇప్పుడు ఏదీ ముట్టుకోకుండా ఇంకోసారి తీసుకోండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. 1 డీబీకి మించి తేడా ఉంటే ముందు దాని సంగతి చూడండి. అక్కడ తేడా వస్తుండగా స్పీకరు జరిపి "మెరుగైంది" అనుకోవడం ఉత్త భ్రమ.

ఫోను కింద నేల మీద టేపు ముక్క అంటించి గుర్తు పెట్టండి. స్పీకరు కాళ్ళ దగ్గర కూడా. ఈ టేపు ముక్కలు యాప్ కన్నా విలువైనవి.

గ్రాఫు చదవడం: 200 హెర్ట్జ్ కింద గదిదే రాజ్యం

మొదటిసారి గ్రాఫు చూస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. గుట్టలు, గుంటలు, అటూ ఇటూ 15 డీబీ ఊగులాట. కంగారు పడకండి, మంచి స్పీకర్లకీ మామూలు గదిలో అలాగే ఉంటుంది. స్మూతింగ్ అని, గీతని నునుపు చేసే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని బేస్ చూసేటప్పుడు 1/24 ఆక్టేవ్‌కో, అసలు లేకుండానో పెట్టండి. పైన చూసేటప్పుడు 1/6 గాని 1/3 గాని పెట్టండి. బేస్‌లో స్మూతింగ్ ఎక్కువ పెడితే గుంటలు పూడిపోయి గ్రాఫు అందంగా ఉంటుంది, అంతే.

ఇప్పుడు కొలత టేపు తీసుకుని గది పొడవు, వెడల్పు, ఎత్తు చూడండి. ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకి 343 మీటర్లు. 343ని పొడవుకి రెట్టింపుతో భాగిస్తే ఆ గోడల మధ్య నిలబడిపోయే మొదటి అల ఫ్రీక్వెన్సీ వస్తుంది. పొడవు 4.3 మీటర్లయితే 40 హెర్ట్జ్. వెడల్పు 3.4 అయితే 50. ఎత్తు 2.9 అయితే 59. వాటి రెట్టింపులు, మూడింతలు కూడా ఉంటాయి. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసుకుని గ్రాఫు పక్కన పెట్టండి. గుట్టలూ గుంటలూ చాలావరకు ఈ అంకెల చుట్టూనే ఉంటాయి. ఇంత చిన్న గదిలో దాదాపు 200 హెర్ట్జ్ దాకా ఈ అలలదే పెత్తనం. ఆ పైన అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి స్పీకరు తన సొంత గొంతు వినిపించడం మొదలుపెడుతుంది.

ఈ లెక్క నమ్మకం కలగాలంటే ఇది చేసి చూడండి, ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఎప్పటికీ విసుగెత్తని పని ఇది. టోన్ జనరేటర్‌లో మీ పొడవు లెక్క ఇచ్చిన ఫ్రీక్వెన్సీ పెట్టండి, మన ఉదాహరణలో 40. మీ స్పీకర్లు అంత కిందికి దిగకపోతే దాని రెట్టింపు 80 పెట్టండి. వాల్యూము తగ్గించే ఉంచండి. ఫోనుని చేత్తో పట్టుకుని స్పీకర్ల వెనక గోడ దగ్గర నుంచి ఎదుటి గోడ దాకా నెమ్మదిగా నడవండి. 40 దగ్గర గోడ పక్కన ముల్లు పైన ఉంటుంది, నడుస్తున్నకొద్దీ దిగుతుంది, గది సరిగ్గా మధ్యలో పాతాళానికి పడిపోతుంది, అవతలి గోడకి చేరేసరికి మళ్ళీ లేస్తుంది. మూలలోకి వంగి చూడండి, ఇంకా ఎక్కువ. 80 పెడితే మధ్యలో గట్టిగా, పొడవులో పావు వంతు దగ్గరా ముప్పావు దగ్గరా గుంటలుగా ఉంటుంది. మధ్యలో నిలబడి తల ఒక అడుగు ముందుకు వంచితే చాలు, చెవికి కూడా తేడా తెలిసిపోతుంది. మైకు బేస్ సరిగా వినదన్న బెంగ ఇక్కడ అక్కర్లేదు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడుస్తున్నాం కాబట్టి దాని లోపం దారి పొడుగునా ఒకటే.

మీ కుర్చీ ఆ మధ్య గుంటలో ఉంటే, బేస్ ఎందుకు లేదో తెలిసినట్టే. దాన్ని ముందుకో వెనక్కో 30, 40 సెంటీమీటర్లు జరిపి మళ్ళీ కొలవండి. ఖర్చు లేని మందు ఇది.

స్పీకరుదా, గదిదా?

ఎడమ స్పీకరు గ్రాఫులో ఏదో గుంట కనిపించింది, కుడిదాంట్లో లేదు. వెంటనే స్పీకరు పాడైందని అనుకోకండి. నేను సరిగ్గా అదే అనుకున్నాను. 140 హెర్ట్జ్ దగ్గర 12 డీబీ గుంట, మగ గొంతులు ఎడమవైపు పీలగా వినిపించేవి. వూఫరు (బేస్ పలికే పెద్ద స్పీకరు) పోయిందని తీసుకెళ్ళి బాగు చేయించాను. వాళ్ళేదో మార్చారు, డబ్బులు తీసుకున్నారు, ఇంటికి తెచ్చి పెడితే గుంట అక్కడే ఉంది.

చేయాల్సిందల్లా యాంప్లిఫయర్ ఆపి, రెండు స్పీకర్లనీ ఒకదాని చోట ఒకటి పెట్టి మళ్ళీ కొలవడం. గుంట స్పీకరుతో పాటు కుడివైపుకి వెళ్తే తప్పు స్పీకరుది. ఎడమవైపే ఉండిపోతే తప్పు ఆ చోటుది. నాది చోటే. ఎడమ స్పీకరు వెనక గోడకి 60 సెంటీమీటర్లు, పక్క గోడకీ 60 సెంటీమీటర్ల దూరంలో ఉంది. గోడకి కొట్టి తిరిగొచ్చే శబ్దం సగం అల వెనకబడి వచ్చి నేరుగా వచ్చేదాన్ని కొట్టేస్తుంది. ఏ ఫ్రీక్వెన్సీలో అంటే, 343ని ఆ దూరానికి నాలుగింతలతో భాగించండి. 343ని 2.4తో భాగిస్తే 143. రెండు గోడలూ ఒకే దూరంలో ఉండటంతో రెండు దెబ్బలూ ఒకేచోట పడ్డాయి. వెనక గోడకి 35 సెంటీమీటర్ల దూరానికి జరిపితే గుంట 5 డీబీకి తగ్గింది. కుడి స్పీకరు పక్కన గోడే లేదు, అందుకే దానికి ఈ జబ్బు రాలేదు.

అందుకని స్పీకర్లకి వెనక గోడ, పక్క గోడ, నేల, మూడు దూరాలూ వేరువేరుగా ఉండేలా చూసుకోండి.

ఒక స్పీకరు వైర్లు తలకిందులుగా తగిలించారేమోనని అనుమానం ఉంటే రెండు స్పీకర్లకీ ఒకే మోనో పింక్ నాయిస్ పంపి, మధ్యలో కొలవండి. యాంప్లిఫయర్ ఆపి ఒక స్పీకరుకి ప్లస్, మైనస్ మార్చి మళ్ళీ కొలవండి. బేస్ ఏ గ్రాఫులో ఎక్కువుంటే ఆ కనెక్షనే సరైనది.

సబ్‌వూఫరు ఉందా? దాన్ని మీ కుర్చీలో కూర్చోబెట్టండి, నవ్వకండి, నిజంగానే. బేస్ నాయిస్ పెట్టి, సబ్‌వూఫరు ఉంచగలిగే ప్రతి చోటా ఫోనుని నేల దగ్గర పెట్టి కొలుస్తూ రండి. ఏ చోట గ్రాఫు చదునుగా వస్తుందో సబ్‌వూఫరుని అక్కడికి మార్చండి. శబ్దం ఇటు నుంచి అటు వెళ్ళినా అటు నుంచి ఇటు వచ్చినా దారి ఒకటే కాబట్టి కుర్చీలో కూడా అదే గ్రాఫు వస్తుంది.

200 హెర్ట్జ్ పైన: ఫోనుని కదుపుతూ

పై ఫ్రీక్వెన్సీల్లో అలలు చిన్నవి. 10 కిలోహెర్ట్జ్ అల మూడున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. ఫోను ఒక అంగుళం జరిగితే గ్రాఫు మారిపోతుంది. ఇక్కడ ఒకే చోట కొలిచి చూడటం దండగ. ఒక్క స్పీకరుకే పింక్ నాయిస్ పెట్టి, యాప్‌లో సగటు లెక్క, అంటే యావరేజ్, ఆన్ చేయండి. మీ తల ఉండే చోటు చుట్టూ ఒక ఫుట్‌బాల్ రెండింతల మేర ఫోనుని నెమ్మదిగా, 8 అంకెలా తిప్పుతూ 45 సెకన్లు కదపండి. వేళ్ళు మైకు మీద పడకూడదు, గాలి రొద రానంత నెమ్మదిగా తిప్పాలి. ఇలా వచ్చిన గీత రెండోసారి తీసినా దాదాపు అలాగే వస్తుంది.

ఈ గీత చదునుగా ఉండాలని ఆశించకండి. గదిలో మంచి స్పీకరు గ్రాఫు బేస్ నుంచి ట్రెబుల్ దాకా మెల్లగా వాలుతూ ఉంటుంది. ట్రెబుల్ కిరణంలా ముందుకి మాత్రమే పోతుంది, బేస్ అన్ని దిక్కులా వ్యాపిస్తుంది కాబట్టి. దాన్ని ఫ్రీక్వెన్సీల వారీగా శబ్దం పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో పట్టుబట్టి చదును చేస్తే చెవుల్లో సూదులు గుచ్చినట్టుంటుంది. పైగా 8, 10 కిలోహెర్ట్జ్ పైన ఫోను మైకూ ఫోను ఒళ్ళూ కలిసి ఏం కల్పిస్తున్నాయో చెప్పలేం. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే, ఎడమ గీత, కుడి గీత కలుస్తున్నాయా లేదా. 2 డీబీ లోపు కలిస్తే సంతోషించండి. ఒకదాంట్లో 3 కిలోహెర్ట్జ్ పైన మొత్తం కుంగిపోతే ఆ ట్వీటరుకి దగ్గరగా ఫోను పెట్టి కొలిచి చూడండి.

వూఫరుని ఒంటరిగా చూడాలంటే మైకుని దాని మధ్య భాగానికి సెంటీమీటరు లోపు దూరంలో పెట్టి, వాల్యూము బాగా తగ్గించి కొలవాలి. అంత దగ్గరలో గది శబ్దం లెక్కలోకి రాదు. ఆరున్నర అంగుళాల వూఫరుకి ఇలా తీసిన గ్రాఫు దాదాపు 800 హెర్ట్జ్ దాకా పనికొస్తుంది. ఫోనుని కోనుకి తగలనివ్వకండి.

గది మోత

చప్పట్లు కొడితే గది గింగురుమంటుందా? శబ్దం ఆగాక 60 డీబీ పడిపోవడానికి పట్టే సమయాన్ని ఆర్‌టీ60 అంటారు. ఈ విద్యకి పునాది వేసిన వాలెస్ క్లెమెంట్ సబీన్ దగ్గర మైకే లేదు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆయనకి ఫాగ్ మ్యూజియంలోని లెక్చర్ హాలు అప్పజెప్పింది. మాట్లాడితే మాట మాట కలిసిపోయి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు అందులో. ఆయన పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీ దిండ్లు రాత్రిళ్ళు మోయించుకొచ్చి, కొన్ని కొన్ని పరుస్తూ, ఆర్గాన్ గొట్టం ఊది, శబ్దం చెవికి అందకుండా పోయేదాకా గడియారంతో కాలం కొలిచాడు. తెల్లారేలోగా దిండ్లు మళ్ళీ థియేటరుకి. ఆయన పరికరం ఆయన చెవే. అది సరిచూసిన కొలమానం కాదు, కానీ ప్రతిసారీ అదే చెవి. ఇన్ని దిండ్లు వేస్తే ఇంత తగ్గింది అన్న తేడాల్లోంచే సూత్రం పుట్టింది: గది ఘనపరిమాణాన్ని (ఘన మీటర్లలో) 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చుకునే మొత్తం శక్తితో భాగించాలి.

మీరు బెలూను పగలగొట్టండి. మంచి చప్పట కూడా చాలు, కాకపోతే చప్పట్లో బేస్ ఉండదు, మధ్య ఫ్రీక్వెన్సీల లెక్కే నమ్మండి. ఇళ్ళలో 60 డీబీ పడేంత నిశ్శబ్దం దొరకదు. యాప్‌లు 20 డీబీ పడే సమయం కొలిచి మూడుతో గుణిస్తాయి. దానిక్కూడా బెలూను శబ్దం గది నిశ్శబ్దం కన్నా కనీసం 35 డీబీ పైన ఉండాలి. నాలుగైదు సార్లు చేసి సగటు తీయండి. సంగీతం వినే చిన్న గదికి 0.3 నుంచి 0.5 సెకన్ల మధ్య బాగుంటుంది. కర్టెన్లు, తివాచీ, పుస్తకాల అర తెచ్చి పెట్టి మళ్ళీ కొలవండి. అంగుళం మందం ఫోమ్, గుడ్ల ట్రేలు అంటించి బేస్ తగ్గుతుందనుకునేవాళ్ళకి గ్రాఫు చూపించండి. 100 హెర్ట్జ్ అలలో పావు భాగమే 86 సెంటీమీటర్లు. అంగుళం ఫోమ్‌ని అది లెక్కచేయదు.

ఈక్వలైజర్ చివర్లో

జరపాల్సినవన్నీ జరిపాక ఇంకా గుట్టలు మిగిలితే అప్పుడు ఈక్వలైజర్. 200 హెర్ట్జ్ కింద, గుట్టల్ని మాత్రమే కోయండి. గుట్ట ఎంత వెడల్పుంటే కోత అంత వెడల్పు. గుంటల్ని పూడ్చకండి. అక్కడ శబ్దం తక్కువై కాదు, వచ్చిన శబ్దాన్ని తిరిగొచ్చింది కొట్టేస్తోంది. మీరు పెంచితే రెండూ పెరుగుతాయి, గుంట గుంటగానే ఉంటుంది. యాంప్లిఫయర్ మాత్రం 6 డీబీకి నాలుగింతలు, 10 డీబీకి పదింతలు పవర్ కక్కాలి. మార్చిన ప్రతిసారీ టేపు గుర్తు మీద ఫోను పెట్టి కొలవండి. పక్క కుర్చీలో కూడా ఒకసారి చూడండి, మీ సీటుకి కోసిన కోత అక్కడ కూర్చునేవాళ్ళ బేస్‌కి ఎసరు పెట్టొచ్చు.

ఇంతకన్నా లోతుకి వెళ్ళాలనిపిస్తే యూమిక్-1 లాంటి యూఎస్‌బీ కొలత మైకు ఉంది. దాని సీరియల్ నంబరుతో దిద్దుబాటు ఫైలు వస్తుంది, కంప్యూటర్లో రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పనిచేస్తుంది. కొనాలని లేకపోతే అలాంటి మైకున్న స్నేహితుణ్ణి ఒక సాయంత్రం పిలవండి. ఒకే స్పీకరు, ఒకే చోటు, ముందు ఆ మైకుతో, తరవాత మీ ఫోనుతో కొలవండి. రెండు గీతల తేడాయే మీ ఫోను దిద్దుబాటు ఫైలు. చాలా యాప్‌లు దాన్ని లోడ్ చేసుకుంటాయి. ఫోను మారిస్తే ఆ ఫైలు పనికిరాదు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చినా ఆ 6 డీబీ పరీక్ష మళ్ళీ చేయండి.

సేవ్ చేసే ప్రతి గ్రాఫుకీ తేదీ, ఏ స్పీకరు, గోడకి ఎంత దూరం, ఏం మార్చారు అన్నవి పేరులోనే రాయండి. "కొత్తది", "కొత్తది 2", "చివరిది", "అసలు చివరిది" అని పెట్టుకుంటే వారం తరవాత మీకే అర్థం కాదు. ఆ ఫైళ్ళు నా దగ్గర ఇంకా ఉన్నాయి, ఏది ఏదో మాత్రం తెలియదు.